పిండిసంచి గుడ్డ

లూయిస్ దీవిలో పుట్టినదాన్ని. పేరు డోలీనా.
పదహారో ఏట రైలెక్కి యార్మత్ రేవుకి వచ్చాను,
హెర్రింగ్ చేపల పొట్ట చీల్చడానికి.
నిమిషానికి ముప్పై, చేయి తిరిగాక యాభై.
వేలెడు కత్తి. మోచేతుల దాకా ఉప్పు.

ముగ్గురం ఒక జట్టు.
నేనూ ఓయ్రిక్ చీల్చేవాళ్ళం,
మర్డీనా పీపాలోకి సగం మనిషి వంగి
వరస మీద వరస పేర్చేది.
కొత్త పీపా అడుగు అందాలంటే
కాళ్ళు నేల వదలాలి.
అట్లా తలకిందులుగా ఎన్ని నెలసరులు గడిపిందో
ఆమె చెప్పలేదు, మేం అడగలేదు.

శనివారం రాత్రి, గడియారం పన్నెండు కొట్టకముందే
మర్డీనా పిండిసంచి చింపేది.
ఆదివారం కత్తెర పట్టడం మాకు పాపం.
సన్నపీలికలు వేళ్ళకి,
కత్తి తెగకుండా, ఉప్పు కొరక్కుండా,
దారం కొస పళ్ళతో పట్టి ముడి.
వెడల్పువి వేరే మడిచేది.
వాటికి పేరు లేదు. "అవి" అనేవాళ్ళం.
మగవాళ్ళుంటే అదీ అనేవాళ్ళం కాదు.

ఇంటి దగ్గర అమ్మ నాచు వాడేది,
చిత్తడినేలలో పెరిగే మెత్తటి నాచు,
ఆరబెట్టి, గుడ్డలో చుట్టి.
నా పెట్టెలో కొంచెం పెట్టి పంపింది.
దారిలోనే అయిపోయింది.
యార్మత్‌లో ఇసుక ఉంది, నాచు లేదు.

అక్కడ మొదటిసారి ఆదివారమే వచ్చింది.
ఆదివారం గుడ్డ ఉతకకూడదు.
ఒంటికి మాత్రం ఆదివారం లేదు.
బకెట్లో చన్నీళ్ళు, గుప్పెడు ఉప్పు
(వేడినీళ్ళు పోశావో, మరక నీతోనే ముసలిదవుతుంది
అని ఓయ్రిక్ నేర్పింది),
మంచం కిందికి తోసి
ప్రార్థనంతసేపూ ఆ బకెట్‌నే తలచుకున్నాను.

సోమవారం ఆరేయాలి. ఎక్కడ?
ఇంటావిడ మిసెస్ థ్రోవర్
మా చేపనూనె అంటుతుందని
గోడలన్నిటికీ కాగితం అంటించిన మనిషి.
పెరట్లో ఒకటే తాడు. కంచె అవతల
పీపాలు చేసేవాళ్ళ బస, కిటికీలన్నీ ఇటే.
గౌను లోపల కట్టుకుని
ఒంటివేడికి ఆరబెడదామనుకున్నాను.
తడిగుడ్డ ఒరిసి తొడ పుండయింది.

మర్డీనా నా నడక చూసింది.
ఏం మాట్లాడకుండా లాక్కుని,
వేళ్ళపీలికల మధ్య
మూడు అవి, ఒకటి ఇది, మళ్ళీ మూడు అవి,
తాడు పొడుగునా పరిచింది.
అన్నిటి మీదా నెత్తుటి చారలే.
ఏది ఎక్కడిదో ఎవడు చెప్తాడు?

ఇంటావిడ వచ్చి చాలాసేపు చూసింది.
"మీ వేళ్ళు ఇంత లావా?"
"పని అట్లాంటిదమ్మా" అంది మర్డీనా.
మర్నాడు తాడు చివర
మాది కాని గుడ్డ ఒకటి,
మంచి నారగుడ్డ, అంచుకి కుట్టుపని.
మేం అటు చూడలేదు.
ఆ వారం బొగ్గు ఒక బకెట్ ఎక్కువిచ్చింది.

పడవవాళ్ళ సంగతి వేరు.
తెల్లవారుజామున మేం ఎదురైతే
వెనక్కి తిరిగి ఇంటికెళ్ళి, మళ్ళీ బయల్దేరేవాళ్ళు.
ఆడది ఎదురొస్తే వల ఖాళీయట.
పొద్దెక్కాక ఆ వలలోవన్నీ
మేం ముట్టుకుంటే తప్ప పీపా ఎక్కేవి కావు.
ముట్టులో ఉండే ముట్టుకున్నాం.
తెగిన వేళ్ళ నెత్తురూ చేపల నెత్తురూ
ఒకే ఉప్పులో ఊరి
బాల్టిక్ ఊళ్ళ దాకా వెళ్ళాయి.
అక్కడ ఎవరో రొట్టెతో తిని వేళ్ళు నాక్కున్నారు.

సంచి మీద మిల్లువాళ్ళ నీలి అచ్చు,
"మొదటి రకం". ఎంత ఉతికినా పోలేదు.
మూడు సీజన్లు దాన్నే కట్టుకు తిరిగాను.
ఇంకెవరూ నన్ను అట్లా అనలేదు.

మర్డీనా పోయాక పెట్టె తెరిచాం.
అడుగున వెడల్పు పీలికలు, కట్టలు కట్టలు,
ఒక్కటీ వాడనిది.
శనివారం శనివారం మూడు వాటాలు వేసేదే,
తనకి ఎప్పుడో నిలిచిపోయిందని
మాకు తెలియనివ్వలేదు.

ఆ ఏడు కొత్తగా నలుగురు పిల్లలు పనికొచ్చారు.
పంచిపెట్టాం.
ఆఖరిదానికి ఒకటి తక్కువపడింది,
నాది చింపాను.